రామ్‌రామ్ వాగు బంగారం

2024 సెప్టెంబర్ 9, సోమవారం

ఇవాళ నా తెలుగుకి ఉద్యోగం వచ్చింది.

ఈ షార్జాలో ఇన్నేళ్లుగా అరబీ, ఇంగ్లీషు, ఉర్దూ అమ్ముకుని బతుకుతున్నాను. తెలుగు ఒక్క ఈ డైరీకే. రమీజ్ చదివింది ఉర్దూ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ నాలుగు లైన్లు చదివేసరికి ఆవలింతలొస్తాయి. మొగుడికి తెలియకుండా గుట్టు దాచుకోవడానికి ఇంతకన్నా మంచి బీరువా ఏముంటుంది!

పొద్దున ఇంజినీర్ మౌజా మా ఆఫీసుకి వచ్చింది. సర్కారు తరఫున వాదీ రమ్‌రామ్ పని ఆమెదే; దాని మ్యాపులు, కాగితాలు మా కంపెనీ కాంట్రాక్టు. సజ్జా ఫ్యాక్టరీల వెనక, కంకర నేల దాటాక, ఎండిపోయిన వాగులాంటి ఆ వాదీలో గాఫ్ చెట్ల వనం ఉంది. దాన్ని మహ్మియా చేస్తూ మర్సూమ్ రావాలి, అంటే పాలకుడి సంతకంతో చట్టం. సంతకం పడితే ఆ నేల మీద ఎవరూ ఏమీ కట్టకూడదు, కొట్టకూడదు, తవ్వకూడదు. ఈలోపు తాత్కాలిక ఉత్తర్వు నడుస్తుంది కనుక చుట్టూ బోర్డులు పెడతారట, ఐదు భాషల్లో. పక్కనే లేబర్ క్యాంపులు, వాటి నిండా మనవాళ్లు. "తెలుగు ఎవరికొచ్చు?" అంది మౌజా. నేను చెయ్యి ఎత్తకముందే మా ముదీర్, అదే మేనేజరు, నా పేరు చెప్పేశాడు. డబ్బులివ్వక్కర్లేని అనువాదం అంటే ఆయనకు ఎక్కడలేని హుషారు.

2024 సెప్టెంబర్ 12

మూడు వాక్యాలు రాయడానికి మూడు రోజులు. మహ్మియాని ఏమనాలి?

"అభయారణ్యం అనండి, అదిరిపోద్ది," అన్నాడు శ్యాంప్రసాద్. మా మ్యాపులన్నీ గీసేది ఆయనే. తెనాలి మనిషి, సలహాలకు కరువుండదు.

"కాసిని చెట్లకి అరణ్యం ఏంటండీ?"

"మీ నెల్లూరులో రెండు గదుల ఇల్లు కట్టి ప్యాలెస్ అని పేరు పెట్టుకోరా ఏంటండీ?"

చివరికి 'రక్షిత వనం' అన్నాను. రెండో వాక్యం: 'గాఫ్ చెట్ల కొమ్మలు, ఆకులు తెంపరాదు.' గాఫ్‌కి తెలుగు మాట కోసం కాసేపు ఆలోచించాను. ఎడారి చెట్టు, మన దగ్గర ఎందుకుంటుంది, గాఫ్ అనే ఉంచాను. రాత్రి ఫోన్లో చెబితే రమీజ్ ఒకటే నవ్వు.

"గాఫ్ అంటే మన ఉర్దూ అక్షరం గదే! పక్కన కాఫ్ చెట్టు కూడా నాటమని చెప్పు మీ మేడమ్‌కి."

తను పని చేసే రువైస్ నుంచి ఈ శనివారం వస్తానన్నాడు.

2024 సెప్టెంబర్ 14

రమీజ్ రాలేదు. రిఫైనరీలో షట్‌డౌన్ పనట. నాకేం, హాయిగా నిద్రపోయాను.

2024 అక్టోబర్ 6, ఆదివారం

రమీజ్ ఈ వారమూ రాలేదు. నాకేం. కారు తీసుకుని నా బోర్డు చూసుకోవడానికి వెళ్లాను.

క్రషర్ల దుమ్ము దాటాక ఒక్కసారిగా చెట్లు. వంగిపోయిన పాత కొమ్మలు నేలకి ఆనుతున్నాయి, సన్నటి ఆకు, కింద చల్లటి నీడ. అక్కడ చెట్లున్నాయని దుమ్ములోంచి చూస్తే ఎవరూ నమ్మరు. బోర్డులో మలయాళం కింద నా తెలుగు. గుండ్రంగా ముద్దొచ్చేలా ఉంది. అన్ని కోణాల్లోంచీ ఫొటోలు తీశాను. పెళ్లిలో కూడా అన్ని ఫొటోలు దిగలేదేమో.

చివరి చెట్ల కింద ఒక జంట కూర్చుని ఉంది. మధ్యలో టిఫిన్ డబ్బా. ఆవిడ తెలుగులో ఏదో గదమాయిస్తుంటే ఆయన తలొంచుకుని తింటున్నాడు. మాటలు కలిపాను. పోచన్న, సాయవ్వ. నిర్మల్ జిల్లా ఖానాపూర్ దిక్కు. ఆయన సజ్జాలో ఇటుకల ఫ్యాక్టరీలో పని, మగవాళ్ల క్యాంపులో పడక. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఇక్కడ, ఆవిడ అక్కడ. ఈ ఏడే ఆవిడకి బడిలో క్లీనర్ వీసా దొరికింది. ఆడవాళ్ల క్యాంపులో ఉంటుంది.

"ఒక్క దేశంల ఉన్నమన్నమాటే గని, కూసుండి బువ్వ తినేతందుకు జాగ లేదు బిడ్డా," అంది సాయవ్వ. "నా కాడికి ఈయన్ను రానియ్యరు, ఈయన కాడికి నన్ను రానియ్యరు. ఐతారం వస్తే గీ రామ్‌రామ్ వాగే మాకు ఇల్లు."

"రామ్‌రామ్ వాగా?"

"గదే గద పేరు! వాది అంటే వాగే. అరబ్బోళ్లు గూడ దేవుని పేరే పెట్టుకున్నరు సూడు."

రమ్‌రామ్ అంటే ఇక్కడి ఒక పొద పేరు. చెప్పబోయి ఊరుకున్నాను. పోచన్న బోర్డు వైపు చూపించి, "ఎవ్వలో తెలుగాయన మంచిగ రాసిండు చెల్లె, అచ్చు పుస్తకంల తీర్గ," అన్నాడు. తెలుగాయనట! తెలుగావిడ రాయకూడదా? అయినా పొగడ్త పొగడ్తే కనుక పేరు చెప్పకుండా దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

వాళ్లు కూర్చున్న ఆ చివరి చెట్లే మా ఆఫీసులో తగవు. శ్యాంప్రసాద్ రెండు మ్యాపులు గీశాడు. పెద్ద మ్యాపులో ఆ చెట్లు మహ్మియా లోపల. చిన్న మ్యాపులో బయట, అక్కడ గోడౌన్లు వస్తాయి. బయట వదిలితే చెట్లుండవు. లోపల కలిపితే మనుషులు రాకూడదు. ఎటైనా సాయవ్వ ఆదివారం పోయినట్టే. ఆ సంగతి కూడా చెప్పలేదు.

2024 అక్టోబర్ 13, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున్నే మౌజా ఫోన్. నిన్న సాయంత్రం వాదీలో గార్డు ఒకణ్ని పట్టుకున్నాడు. బంగారం కోసం తవ్వుతున్నాడట, చెట్లు విరిచాడట, గార్డుకి బంగారం లంచం ఇవ్వబోయాడట, వద్దంటే మీద పడ్డాడట. "మీ భాష మనిషి. వచ్చి మాట్లాడు, యల్లా," అంది.

గేటు దగ్గర రేకుల గదిలో పోచన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర గోతం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, బడిలో మాస్టారిని చూసినట్టు.

"బంగారం ఏది పోచన్నా?" అన్నాను.

గోతం విప్పి చూపించాడు. నిండా ఆకు.

"గిదే మేడం. నిన్న దసరా గద. క్యాంపుల మనోళ్లందరికి పంచుదామని తెంపిన. మా దిక్కు గిదే బంగారం. పెద్దోళ్ల చేతుల వెట్టి దండం వెట్టాలె, తోటోళ్లకు ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకోవాలె. గార్డు సాబ్ ఒచ్చిండు. పండుగ పూట ఎదురొచ్చినోనికి ఇయ్యకుంటే ఎట్ల? సోనా లో భాయ్ అని చేతుల వెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్న. ఆయన లొల్లి వెట్టిండు."

గార్డు బలూచీ మనిషి. ఉర్దూలో ఆవేశంగా చెప్పాడు. "సోనా అని అతనే అన్నాడు సిస్టర్! గట్టిగా పట్టేసుకున్నాడు, నా టోపీ పడిపోయింది." చెట్టు మొదట్లో దీపం పెట్టడానికి తీసిన చిన్న గుంత, తవ్వకం అని ఫొటో తీసి పెట్టుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ అడిగాను.

"తోడు వచ్చినవాళ్లు పారిపోయారట. నువ్వెందుకు ఉండిపోయావు?"

"తప్పు చెయ్యనోడు ఎందుకు ఉర్కుతడు?"

"బోర్డు చదివావు కదా. ఆకు తెంపరాదని రాసి ఉంది."

"చదివిన మేడం. గాఫ్ చెట్ల ఆకు తెంపద్దని ఉన్నది. గాఫ్ ఏదో మాకు తెల్వదు, దాని జోలికే పోలేదు. మేం జమ్మి తెంపినం."

నవ్వు ఎటు పోయిందో. గోతంలోంచి ఒక రెమ్మ తీసి చూశాను. చిన్నప్పుడు నెల్లూరులో మా బడి వెనక ఉన్న చెట్టు ఆకే. అక్కడ ఊరేగింపు వచ్చి పూజ చేసి వెళ్లేది. మా జిలానీ మామ 'అది జమ్మి, ముళ్లుంటాయి, ఎక్కొద్దు' అని తిట్టిన చెట్టే.

గాఫే జమ్మి.

మౌజాకి ఏం చెప్పాను? పండగ ఆచారమని, బంగారమంటే ఆకేనని, కౌగిలింత పండగ మర్యాదని చెప్పాను. బోర్డు సంగతి చెప్పలేదు. అప్పటికప్పుడు తోచలేదు.

తోచింది. చెప్పలేదు.

2024 అక్టోబర్ 14

నా తప్పేముంది? ఇచ్చింది గాఫ్, రాసింది గాఫ్. డిక్షనరీలో లేదు.

ఏ డిక్షనరీలోనూ వెతకలేదనుకో.

2024 అక్టోబర్ 15

ఇవాళ వెతికాను. ఒకే చెట్టు, ఒకే శాస్త్రీయ నామం. ఇక్కడ జాతీయ వృక్షం గాఫ్, తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. రెండుచోట్లా ఒకటే చెట్టు పీట మీద కూర్చుంది. మధ్యలో తెలుగు వచ్చిన మహాతల్లిని ఒకదాన్ని నేనున్నాను, నాకే తెలియలేదు.

ముదీర్‌కి చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. "ఆ టెక్స్ట్ క్లయింట్ ఆమోదించింది. మన తప్పని మనమే ఒప్పుకుంటే ఈ ప్రాజెక్టు ఖలాస్. డిసెంబర్లో నీ వీసా రెన్యూవల్ ఉంది కదా ఫైజా? ఆచారమని చెప్పావు, చాలు. ఇక నోరు తెరవకు."

మర్యాదగానే చెప్పాడు. టీ కూడా తెప్పించాడు.

2024 అక్టోబర్ 16

ఆచారమని చెప్పాను కదా. చాలు కదా.

2024 అక్టోబర్ 17

చాలలేదు. తెలిసి తెలిసి నిషేధం దాటాడని మౌజా రిపోర్టులో రాస్తోందట. చదవడం వచ్చినవాడు, బోర్డు చదివానని తనే ఒప్పుకున్నవాడు, ఇంకేం రాస్తుంది? ఆ రిపోర్టు కోసం ఇటుకల కంపెనీ కాచుకుని ఉంది. రాగానే వీసా రద్దు చేసి పంపించేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా. టికెట్ కూడా తీశారట, 24కి.

శ్యాంప్రసాద్ ఇంకో వార్త మోసుకొచ్చాడు. "గోడౌన్ల వాళ్లకి పండగండీ. చూశారా, జనం ఇష్టం వచ్చినట్టు తిరిగి చెట్లు విరిచే చోటు మహ్మియా ఏంటి, ఆ చివరి ముక్క మాకిచ్చేయండి అని ఉత్తరం పెట్టారు. చిన్న మ్యాపు బయటికి తీయమన్నారు నన్ను."

నా ఒక్క మాట వల్ల ఆ మొగుడూపెళ్లాలు విడిపోతారు, చెట్లు కూడా పోతాయి. నేను మాత్రం టీ తాగి కూర్చున్నాను.

2024 అక్టోబర్ 18

సాయవ్వ ఫోన్ చేసింది. నా నంబర్ ఎలా దొరికిందో. తిడుతుందనుకున్నాను.

"ఆయన పోతే పోనీ బిడ్డా, ఊర్లె ఉంటడు. గని నేను ఇప్పుడే ఒస్తిని. ఇన్నేండ్లు ఆయన ఇక్కడ, నేను అక్కడ. ఇగ ఆయన అక్కడ, నేను ఇక్కడా? గిదేం ఆట బిడ్డా?"

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఆవిడ కోసం ఏడ్చానని రాస్తే సగమే నిజం. నేనిక్కడ, రమీజ్ రువైస్‌లో, వారం వారం 'నాకేం' అని రాసుకుంటున్నదాన్ని. నాకేంటో సాయవ్వ చెప్పింది.

2024 అక్టోబర్ 19, శనివారం

చెప్పకుండా రమీజ్ వచ్చాడు. ఎడారి దారంతా రాత్రి డ్రైవ్ చేసి తెల్లారేసరికి తలుపు కొట్టాడు. ఫోన్లో నా గొంతు అదోలా ఉందని వచ్చాడట. నేను బాగానే మాట్లాడాననుకున్నాను మరి.

మొత్తం చెప్పాను. వినీ వినగానే, "నీకెందుకే ఇవన్నీ, ముదీర్ చెప్పింది విను," అన్నాడు. గిన్నెలు కాస్త చప్పుడుగా కడిగాను. కాసేపటికి వంటింట్లోకి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"ఆయన ఆ గార్డుని నిజంగా కౌగిలించుకున్నాడా?"

"టోపీ పడిపోయిందట."

రమీజ్ నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అన్నాడు: "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాంలే. ఆ మనిషిని పంపించేస్తే మాత్రం నువ్వు నన్ను బతకనీవు. రాసేయ్."

2024 అక్టోబర్ 20

రాసేశాను. మౌజాకి సూటిగా, అరబీలో, ముదీర్‌కి కాపీ పెట్టి. 'గాఫ్ అనే మాట తెలుగువారికి తెలియదు. ఈ చెట్టుకి వారి పేరు జమ్మి. బోర్డు మీద ఆ పేరు లేకపోవడం నా పొరపాటు. పోచన్న బోర్డు చదివాడు, చదివినదానికి లోబడ్డాడు.' పంపేముందు రమీజ్ చదివి వినిపించమన్నాడు. చివరి వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు.

2024 అక్టోబర్ 22

నిన్న జవాబు లేదు. ముదీర్ నా బల్ల పక్కనుంచి వెళుతూ గోడ వైపు చూశాడు.

ఇవాళ మధ్యాహ్నం కింద మౌజా కారు. ఎక్కమంది. దారిలో కఫ్తీరియా ముందు హారన్ కొట్టి రెండు కరక్ టీలు తెప్పించింది, నాకొక కప్పు ఇచ్చింది, తన కప్పు ముట్టుకోలేదు.

"నాలుగేళ్లుగా ఈ చట్టం కోసం తిరుగుతున్నాను. మ్యాపులు, మీటింగులు, సంతకాలు. నువ్వు ఒక్క మాట సరిగ్గా రాయలేదు. వచ్చిన రోజే చెప్పి ఉండాల్సింది."

"అవును."

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

కారు పక్కకి తీసి ఆపింది. తరవాత కోపంగానే అడిగింది. "మీ దేశంలో మా గాఫ్‌కి పూజ చేస్తారా?"

చేస్తారన్నాను. ఆకు బంగారమని పంచుకుంటారన్నాను. ఆవిడ కరక్ తాగడం మొదలుపెట్టింది. కప్పు ఖాళీ అయ్యాక, "రిపోర్టు మార్చి రాస్తాను. బోర్డు ఖర్చు మీ కంపెనీదే, ఆ సంగతి మీ ముదీర్‌కి నువ్వే చెప్పు," అంది.

2024 అక్టోబర్ 23

రిపోర్టు వెళ్లింది. లంచం లేదు, దాడి లేదు, తవ్వకం లేదు. బోర్డులో భాషాలోపం వల్ల జరిగిన పొరపాటు, మందలింపుతో సరి. కంపెనీ టికెట్ రద్దు చేసింది. పోచన్న ఫోన్లో 'మేడం' మానేసి మళ్లీ 'చెల్లె' అన్నాడు. "గార్డు సాబ్‌కు సలాం చెప్పిన చెల్లె. దూరం నుంచే."

2024 నవంబర్ 3, ఆదివారం

మౌజా వాళ్లిద్దరినీ చూడాలంది. నలుగురం ఆ చివరి చెట్ల దగ్గర కలిశాం. సాయవ్వ ఇంజినీరమ్మ వస్తుందని కొత్త చీర కట్టుకుని, డబ్బాలో గారెలు తెచ్చింది. క్యాంపు వంటగదిలో గారెలు ఎలా చేసిందో ఆవిడకే తెలియాలి.

మౌజా దాపరికం లేకుండా మాట్లాడింది, నేను తెలుగు చేశాను. "నాకు మీ మీద కోపం లేదు. కానీ ఎక్కడ చెట్టు నీడ ఉంటే అక్కడ బొగ్గులు, సీసాలు, ప్లాస్టిక్. ఒక్క చోటైనా మనిషి అడుగు లేకుండా ఉండాలి. మహ్మియా అంటే నాకు అదే. ఈ చెట్లని లోపల కలిపితే కంచె వేస్తాను. మీరు రాలేరు. కలపకపోతే కొట్టేస్తారు. మీకు అన్యాయమని తెలుసు."

పోచన్న నేల చూశాడు. సాయవ్వ మాత్రం నిదానంగా చెప్పింది.

"మా తల్లిగారి పల్లె అడవి నడుమ ఉండె. పులుల కోసమని అందర్ని లేపి బయటికి తెచ్చిండ్రు. ఇండ్లిచ్చిండ్రు, జాగలిచ్చిండ్రు. మా అవ్వ శానా ఏడ్సింది. అడవి ఇప్పుడు మంచిగున్నదని అంటరు, మేమైతే పోయి సూడలే." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "కంచె ఏసుకోమను బిడ్డా. మేం ఏడనో ఒక్కాడ కూసుంటం, బస్టాపుల కూసుంటం. చెట్లను గోడౌనోళ్లకు ఇయ్యద్దని చెప్పు. గంతే."

నేను అరబీలో చెప్పాను. మౌజా డబ్బా వైపు వంగింది. గారె తీసుకుంది. ఇంకొకటి తీసుకుంది. వెళ్లేముందు చివరి చెట్టు నుంచి లోపలి చెట్ల దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. అబాయా అంచు అంతా దుమ్ము.

2024 నవంబర్ 5

శ్యాంప్రసాద్ తల పట్టుకున్నాడు. "మూడో మ్యాపట! ఏవండీ ఫైజా గారూ, నా మీద మీకేం పగ?"

మూడో మ్యాపులో చివరి చెట్లు లోపలే ఉన్నాయి. కాకపోతే వేరే రంగులో. అక్కడ పగటిపూట మనుషులు కూర్చోవచ్చు. నిప్పు లేదు, తెంపడం లేదు, పొద్దు గుంకాక ఉండటం లేదు. లోపలి వనంలోకి మాత్రం గార్డు కూడా నడిచే వెళ్లాలి. మౌజా ఒక్క మనిషికీ చోటు లేని చట్టం రాయాలనుకుంది, అందులో ఇద్దరికి చోటు పెట్టింది. దీన్ని మర్సూమ్ రాసేవాళ్లు ఒప్పుకోవాలి. గోడౌన్ల వాళ్లు ఊరుకుంటారా?

2024 డిసెంబర్ 18

వీసా రెన్యూ అయింది. రెండేళ్లు. ముదీర్ కాగితం నా బల్ల మీద పెట్టి, "కొత్త బోర్డు తెలుగు నువ్వే చూడు. ఈసారి ఇద్దరు ముగ్గురిని అడిగి రాయి," అన్నాడు. అడిగాను. పోచన్న ఫోన్లో, 'గాఫ్ అనే జమ్మి చెట్టు' అని రాయమన్నాడు. "మంచిది. ఆకు కూడా, పండగకైనా సరే, తెంపరాదు అని రాయనా?" అన్నాను.

"రాయి చెల్లె. ఊర్ల బంగారం ఊర్లనే ఉండనీ. ఈడ మా మనిషి ఒచ్చింది, గది సాలు."

2025 ఫిబ్రవరి 9

ఇంకా సంతకం లేదు. చలికాలం అయిపోతోంది. మౌజా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తితే 'ఇన్‌షా అల్లా' అంటుంది, పెట్టేస్తుంది.

రమీజ్ ఇక్కడికి దగ్గరగా ఉండే అబుదాబిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చాడు. వస్తుందని నాకనిపిస్తోంది. రాకపోతే మళ్లీ ఇస్తాడు. 'నాకేం' అని రాయబోయి మానేశాను.

2025 మార్చి 16

గోడౌన్ల వాళ్లు ఇంకో ఉత్తరం. శ్యాంప్రసాద్ చిన్న మ్యాపు ఫైలు మళ్లీ తెరిచాడు. ఉపవాసం కాబట్టి మెల్లిగా తిట్టాను.

2025 ఏప్రిల్ 15

మర్సూమ్ వచ్చింది. మూడో మ్యాపుతో!

మౌజా ఫోన్లో ఏడ్చేసింది. పక్కన శ్యాంప్రసాద్ ఆ చిన్న మ్యాపుని ముక్కలు చేసి, అందులో ఒక ముక్క నా చేతిలో పెట్టి, "తీసుకోండి, బంగారం," అన్నాడు.

2025 ఏప్రిల్ 20, ఆదివారం

సాయంత్రం అందరం వెళ్లాం. రమీజ్ కూడా ఉన్నాడు. పోచన్న చేతులు చాచి వస్తుంటే రమీజ్ ముందుగానే టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లిద్దరి అలాయ్ బలాయ్ చూసి గేటు దగ్గర గార్డు ముఖం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు.

చెట్టు కింద కూర్చున్నాక సాయవ్వ నన్ను మర్సూమ్ చదవమంది. "కాయితంల ఏమున్నదో ఉన్నదున్నట్టు చదువు బిడ్డా. నడుమ ఏం ఇడిసిపెట్టకు."

చదివాను. హద్దులు, నిషేధాలు, మన చివరి చెట్ల నియమం. తరవాత రెండో అధికరణం. ఈ చెట్లను నరకడం గానీ, ఈ నేలను అమ్మడం గానీ, వేరే అవసరానికి మార్చడం గానీ ఎవరికీ, ఎన్నటికీ చెల్లదు.

"ఎన్నటికీ అంటే ఎన్నేండ్లు?"

"లెక్క లేదు సాయవ్వక్కా. ఎప్పటికీ."

"రెన్యూలు లేదా?"

"లేదు."

సాయవ్వ వెనక్కి తిరిగి చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టింది. "ఇన్నవా?" అంది పోచన్నతో. "నాకు రెండేండ్లు. నీకు రెండేండ్లు. గీ చదువుకున్న బిడ్డకు గూడ రెండేండ్లే. గీ జమ్మికి మాత్రం ఖలాస్ అనేదే లేదట."

పోచన్న పెద్దగా నవ్వాడు. మేమందరం నవ్వాం. అంత నవ్వులో సాయవ్వ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఏమన్నదని మౌజా అడిగింది. చెప్పాను. మౌజా నవ్వలేదు. "అయ్ వల్లా, నిజమే," అని, వచ్చి సాయవ్వ పక్కనే నేల మీద కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలోకి వెళ్లబోతే రమీజ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

క్రషర్ల వైపు పొద్దు గుంకుతోంది. గార్డు ఇంకా లేవలేదు. మమ్మల్ని లేపడానికి అతనికి మొహమాటం. అందరికంటే ముందు సాయవ్వే లేచి డబ్బా సర్దింది.

"పొద్దు గుంకింది, లెవ్వుండ్రి. ఇగ దాన్ని పండుకోనియ్యుండ్రి."